ఉత్తర్వు చేతికొచ్చినా మనోవర్తి ఎందుకు అందడం లేదు? తెలంగాణ న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. షా బానో కేసు ఆధారంగా వచ్చిన హిందీ కోర్టు సినిమా పుణ్యమా అని మతం, స్త్రీ హక్కులు మళ్లీ చర్చకొచ్చాయి. కుటుంబ న్యాయస్థానాల్లో మనోవర్తి (భరణం) కేసులు నడిపే న్యాయవాదులుగా మేం ఆ చర్చను తీర్పు తర్వాతి దశ దాకా తీసుకురావాలనుకుంటున్నాం. ఆడవాళ్లు ఓడిపోతున్నది అక్కడే.

ఇందోర్‌కు చెందిన షా బానో 1978 ఏప్రిల్‌లో భర్త నుంచి నెలకు 500 రూపాయల మనోవర్తి అడిగారు. 1979లో మేజిస్ట్రేటు ఇచ్చింది 25. మరుసటి ఏడాది హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. అదీ ఇవ్వనని వకీలైన భర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1985 ఏప్రిల్ 23న ఐదుగురు న్యాయమూర్తులు అప్పీలు కొట్టేస్తూ ఖురాన్ రెండో అధ్యాయంలోని 241, 242 ఆయతులనూ ఉదహరించారు. అయినా చుట్టూ వచ్చిన ఒత్తిడికి తట్టుకోలేక ఆ ఏడాదే ఆమె తీర్పు వద్దని ప్రకటించాల్సి వచ్చింది. హక్కు అడిగిన మనిషిని మతానికి ఎదురు నిలబెట్టడం అన్యాయం. ఆమె అడిగింది తిండి ఖర్చు.

విడాకులు పొందిన ముస్లిం స్త్రీల హక్కుల మీద 1986లో ఒక చట్టం వచ్చాక, ఇద్దత్ (విడాకుల తర్వాత పాటించే నిరీక్షణ కాలం) దాటితే ఏమీ రాదన్న అభిప్రాయం బలపడింది. ఇద్దత్ గడువులోగా ఇచ్చే మొత్తం ఆమె భవిష్యత్తుకు కూడా సరిపోవాలని 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక 2024 జూలై 10 నాటి తీర్పు మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోదే. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ 1986 చట్టాన్నైనా, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ 125నైనా, రెండింటినైనా ఆశ్రయించవచ్చని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ 125 ఇప్పుడు, ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో సెక్షన్ 144.

చట్టం కుదిరింది. డబ్బు ఎక్కడ ఆగుతోందో చెబుతాం.

మొదటి అడ్డు సమన్లు. కేసు తేలేలోగా ఇచ్చే మధ్యంతర మనోవర్తిని వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది. కానీ ఆ లెక్క మొదలయ్యేది భర్తకు నోటీసు అందిన రోజు నుంచి. అతను ఇల్లు మారినా, గల్ఫ్ వెళ్లినా నోటీసు తిరిగొస్తుంది, లెక్క మొదలే కాదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమన్లు పంపడానికి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 64 దారి చూపింది, విధివిధానాలు మాత్రం రాష్ట్ర ప్రభుత్వానికే వదిలింది. మనోవర్తి కేసుల్లో అది ప్రతి కోర్టులో పనిచేసేలా చూడండి.

రెండోది ఆదాయం దాచడం. 2020 నవంబర్ 4న రజనేష్ వర్సెస్ నేహా తీర్పులో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని, మనోవర్తి దరఖాస్తు తేదీ నుంచే లెక్కగట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఫారం పొడవైనది. జీతం, బ్యాంకు ఖాతాలు, అద్దె, పిల్లల ఫీజులు, అప్పుల కిస్తీలు అన్నీ విడివిడిగా రాయాలి. ఖాళీ వదిలిన గడి అవతలి వకీలుకు ఆయుధమవుతుంది. తెలుగులోనూ ఉర్దూలోనూ ఆ ఫారం అచ్చువేసి, నింపిన నమూనాతో సహా ప్రతి న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో ఉంచాలి. ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం ఉందని, 15100కు ఫోన్ చేయవచ్చని పోలీస్‌స్టేషన్ గోడ మీద రాయించండి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం వసూళ్ల దగ్గర జరుగుతోంది. బకాయి పడ్డ తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేస్తేనే వసూలు వారెంటు వస్తుంది. ఈలోగా పెద్దమనుషులు "కొంచెం ఓపిక పట్టమ్మా, మాట్లాడుతున్నాం" అంటుంటారు. ఆమె ఆగినకొద్దీ పాత నెలలు ఒక్కొక్కటిగా ఏడాది గడువు దాటిపోతాయి. గడువులో దరఖాస్తు పెట్టుకున్నదైతే, అది నడుస్తుండగా పడే కొత్త బకాయిలనూ అందులోనే కలపవచ్చు. ఈ సంగతి తెలియక పోగొట్టుకుంటున్న సొమ్ము చాలా ఉంది. ఉత్తర్వు నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఆ నకలు మీదే "ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి" అని పెద్ద అక్షరాల్లో ముద్ర వేయించే ఏర్పాటుకు హైకోర్టును కోరండి.

వారెంటు వచ్చాక అది స్టేషన్లో పడి ఉంటుంది. బందోబస్తు ఉంటుంది, దొంగతనం కేసుంటుంది, ఇది ఆఖరి పని అవుతుంది. ప్రతి కమిషనరేట్‌లో, జిల్లాలో ఒక అధికారికి మనోవర్తి వారెంట్ల బాధ్యత అప్పగించి, నెలనెలా లెక్క కోర్టుకు పంపేలా హోంశాఖతో మాట్లాడండి. జైలుకెళ్తే బాకీ తీరిపోయిందని చాలామంది భర్తలు నమ్ముతున్నారు, కొందరు పోలీసులూ అదే చెబుతున్నారు. జైలు వసూలుకు ఒక మార్గం మాత్రమే, బాకీ అలాగే ఉంటుందని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దీన్ని సర్క్యులర్‌గా స్టేషన్లకు పంపాలి.

భర్త ప్రభుత్వోద్యోగి అయితే పని ఇంకా తేలిక. కోర్టు ఉత్తర్వు అందిన నెల జీతం బిల్లులోనే కోత పెట్టాలని జీతాల బిల్లులు చేసే అధికారులు (డీడీఓలు) అందరికీ ఆదేశమిస్తే చాలు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఆర్థికశాఖతో కలిసి మీరు ఒక మెమో జారీ చేయించగలరు. ముందుగా దానితో మొదలుపెట్టమని కోరుతున్నాం.

ఇట్లు,
మనోవర్తి కేసులు నడుపుతున్న న్యాయవాదులం