ఫైను కట్టినంత మాత్రాన తీరని కేసు: మాజీ సైనికుల కారు బీమా

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను కావలి పరిసరాల్లో చాలా ఏళ్లుగా మోటారు బీమా పాలసీలు చేయిస్తున్న ఏజెంటును. నా దగ్గరకు వచ్చే కారు యజమానుల్లో మాజీ సైనికులు గణనీయంగా ఉన్నారు. వారిలో డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులో శిక్ష పడినవారు కూడా ఎప్పటిలాగే పాత ప్రీమియంతో పాలసీ రెన్యువల్ చేయించుకుని, ఇక తమకు ఏ లోటూ లేదని నిశ్చింతగా ఉండటం చూసి, ఆ నిశ్చింతకు పాలసీలో ఏ ఆధారమూ లేదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు సస్పెండ్ కావచ్చు. మొన్న రెన్యువల్‌కు వచ్చిన ఒక విశ్రాంత హవల్దారు గారిని లైసెన్సు సంగతి అడిగితే, "ఫైను కట్టేశాను గదబ్బయ్యా, కేసు అయిపోయింది. దానికీ ఇన్సూరెన్సుకూ ఏంది సంబంధం?" అన్నారు. ఆయన ప్రశ్నలో తప్పు లేదు. ప్రపోజల్ పత్రంలో ఆ శిక్ష గురించి అడిగే గడి నాకు ఎక్కడా కనిపించలేదు.

సంబంధం మాత్రం చాలా ఉంది. లైసెన్సు సస్పెన్షన్‌లో ఉన్న రోజుల్లో ఆయన స్టీరింగ్ పట్టుకుంటే, చెల్లుబాటు అయ్యే లైసెన్సు ఉన్న వ్యక్తే బండి నడపాలన్న పాలసీ షరతు అక్కడికక్కడే భంగమవుతుంది. పూర్తిగా ఒళ్లు తెలిసి, చుక్క ముట్టకుండా నడిపినా సరే, బండికి జరిగిన నష్టం ఇవ్వబోమని కంపెనీ చెప్పవచ్చు. మళ్లీ తాగి నడిపితే సరేసరి. విడిభాగాల తరుగు కోయకుండా పూర్తి ఖర్చు ఇచ్చే, అదనపు ప్రీమియంతో తీసుకునే బంపర్ టు బంపర్ పాలసీ ఉంది కనుక ఏమైనా వస్తుందనుకునేవారు ఉన్నారు; మత్తులో నడిపినప్పుడు జరిగిన నష్టం వర్తించదన్న మినహాయింపును ఆ అదనపు ప్రీమియం ఏమీ చెరిపివేయదు. శ్వాస పరీక్ష గానీ రక్త పరీక్ష గానీ జరగకపోయినా ఇతర సాక్ష్యాలతో కంపెనీ మత్తును రుజువు చేయవచ్చని ఇఫ్కో టోకియో బీమా కంపెనీకీ పర్ల్ బెవరేజెస్ సంస్థకూ మధ్య నడిచిన కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక ఆ రాత్రి ఎవరూ ఊదించలేదన్న ధీమా కూడా నిలబడదు.

అంతకంటే బాధ కలిగించేది యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా. కారు నడుపుతూ యజమాని మరణిస్తే కుటుంబానికి 15 లక్షల రూపాయలు రావలసిన ఆ రక్షణకు కూడా ఇదే మినహాయింపు ఉంది. ఎదుటివారు చనిపోయినా, అవయవాలు కోల్పోయినా, చట్టంలోని 150వ సెక్షన్ కంపెనీకి మత్తును కారణంగా చూపి వాదించుకునే వీలు ఇస్తుంది. బాధిత కుటుంబానికి ముందు కంపెనీనే చెల్లించి, తర్వాత ఆ సొమ్మును వాహన యజమాని నుంచి రాబట్టుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశించే సందర్భాలు ఉన్నాయి. సైన్యం పింఛనుకు జప్తు నుంచి చట్టపరమైన రక్షణ ఉంటుంది గానీ, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్న ఇంటి స్థలానికి ఆ రక్షణ లేదు.

ఇంత జరగగలిగినా ప్రీమియం దగ్గర దాని జాడే కనబడదు. ఎదుటివారికి జరిగే నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం అందరికీ ఒక్కటే. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 1000 సీసీ దాటి 1500 సీసీ లోపు కారుకు 3,416 రూపాయలు. మన బండికి జరిగే నష్టానికి కట్టే సొంత నష్టం భాగంలో, క్లెయిమ్ చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపును బోనసు అంటారు; అది తగ్గేది క్లెయిమ్ చేస్తేనే. కాబట్టి హైవే మీద గేదె అడ్డొచ్చి బంపరు పగిలినందుకు క్లెయిమ్ చేసుకున్న రైతు బోనసు పోగొట్టుకుంటాడు. తాగి పట్టుబడినా క్లెయిమ్ చేయని వ్యక్తి 50 శాతం బోనసు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇది న్యాయమని నాకు ఏనాడూ అనిపించలేదు.

అమెరికాలో పిల్లలున్న మన కుటుంబాలకు అక్కడి పద్ధతి కొంత తెలిసే ఉంటుంది. అక్కడ తాగి నడిపి శిక్ష పడినవారిని ప్రమాదావకాశం ఎక్కువున్న డ్రైవర్లుగా లెక్కగట్టి ఎక్కువ ప్రీమియం వసూలు చేస్తారు. బీమా అమలులో ఉందని కంపెనీ నేరుగా రాష్ట్ర ప్రభుత్వానికి ఎస్ఆర్-22 అనే పత్రం పంపాలని చాలా రాష్ట్రాలు కోరతాయి. సాధారణంగా మూడేళ్లపాటు అది కొనసాగాలి, మధ్యలో పాలసీ ఆగిపోతే ఆ కబురు కూడా కంపెనీయే చేరవేస్తుంది. సైన్యంలో పనిచేశామన్న కారణంతో అక్కడి మాజీ సైనికులకు ఇందులో మినహాయింపు లేదు. వారికి వేరే విధంగా చేయూత ఉంది: 2008లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో మొదలైన మాజీ సైనికుల ప్రత్యేక కోర్టులు, వ్యసనం వెనుక యుద్ధ గాయమో మానసిక వేదనో ఉన్నవారిని చికిత్స వైపు మళ్లిస్తాయి. ఆ ఖరీదైన ఏర్పాటునంతా ఇక్కడికి దించుకోవాలని నేను అనను. శిక్ష సంగతి పాలసీ ఇచ్చే రోజునే తేలిపోవడం మాత్రం మనం నేర్చుకోదగినది.

మాజీ సైనికుల గురించే ప్రత్యేకంగా రాయడం వారిని కించపరచడానికి కాదు. నలభై ఏళ్లు నిండకముందే రిటైరై వచ్చే జవానుకు ఇక్కడ సులువుగా దొరికే పనుల్లో డ్రైవింగ్ ఒకటి. ఇతరులకు లైసెన్సు సస్పెన్షన్ అసౌకర్యమైతే, ఆయనకు జీతం పోవడం. మిలిటరీ క్యాంటీన్ కోటా వల్ల ఇంట్లో సీసా ఉండటం మామూలు విషయం, దాన్ని తప్పుబట్టే పెద్దరికం నాకు లేదు. (1992లో సారా మీద దూబగుంట ఆడవాళ్లు తిరగబడిన జిల్లా ఇది, ఆ ముచ్చట మళ్లీ ఎత్తితే లేఖ పక్కదారి పడుతుంది.)

ట్రాఫిక్ ఉల్లంఘనలను పాయింట్లుగా లెక్కించి అదనపు ప్రీమియం వేయాలనీ, తాగి నడిపితే అన్నిటికంటే ఎక్కువగా 100 పాయింట్లు వేయాలనీ బీమా నియంత్రణ సంస్థ నియమించిన బృందం 2021 జనవరిలో సిఫారసు చేసింది. అది దేశమంతటా అమలు కావాలి. అయితే మూడేళ్లు తప్పు లేకుండా నడిపినవారికి, వైద్యుడి పర్యవేక్షణలో మద్యం మానినవారికి ఆ భారం తగ్గేలా నిబంధన పెట్టాలి. మాజీ సైనికుడైనా, మామూలు రైతైనా రేటు ఒక్కటే ఉండాలి.

అంతవరకు ఆగకుండా చేయదగిన చిన్న పని ఒకటి ఉంది. పాలసీ కాగితాల్లో చీమ తలంత ఇంగ్లీషు అక్షరాల్లో దాగిన ఈ మినహాయింపులను, లైసెన్సు సస్పెన్షన్ షరతుతో సహా, ఒక పేజీ తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేసి ప్రతి రెన్యువల్‌కు జతచేసేలా కంపెనీలను ఆదేశించాలి. మాజీ సైనికులు పింఛను పనుల మీద వచ్చినప్పుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఆ పేజీనే వారి చేతికివ్వాలని జిల్లా కలెక్టరు గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అచ్చు ఖర్చు భరించడానికి మా ఏజెంట్లలో కొందరం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక బీమా ఏజెంటు,
కావలి, నెల్లూరు జిల్లా