సంతకం పెట్టే ముందు

చి. వాసంతికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ దగ్గరి నుంచి ఫోను వచ్చి చాలా రోజులైంది. పని ఒత్తిడిలో ఉంటావని ఊరుకున్నాను. మొన్న శారద పిన్ని మాటల మధ్యలో ఒక సంగతి చెప్పింది. మీ ఆన్‌లైన్ పాఠాల సంస్థవాళ్లు నీలాగే కనిపించి, నీ గొంతుతోనే మాట్లాడే అవతార్‌ను తయారు చేస్తున్నారట, వచ్చే ఏడాది నుంచి ఆరో తరగతి లెక్కలు అదే చెబుతుందట, అందుకు నువ్వు ఒప్పుకున్నావట. పిన్ని మాటల్లో నిజమెంతో మనకు తెలుసు కనుక దాని గురించి ఆరా తీయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మనసులో మెదిలే నాలుగు మాటలు నీతో చెప్పుకోవాలనిపించింది, అంతే.

మీ నాన్నగారు ఈమధ్య రోబోల మీద వచ్చే వ్యాసాలన్నీ చదివి నాకు వినిపిస్తున్నారు. కర్మాగారంలో పనికి కుదిరిన మొట్టమొదటి రోబో యూనిమేట్ అట. 1961లో అమెరికాలో, న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో, అచ్చుల్లోంచి కాలుతున్న లోహపు భాగాలను బయటికి తీసే పని దానికి అప్పగించారు. అది చదువుతూ ఆయన తన ఎడమ చేతి మీది మచ్చలను తడుముకోవడం చూశాను. అటువంటి పని మనిషి చేతుల్లోంచి యంత్రానికి పోయిందంటే నేను మనస్ఫూర్తిగా సంతోషిస్తాను. కాబట్టి అమ్మకు యంత్రమంటే గిట్టదని మాత్రం అనుకోకు.

అవతార్ అన్నా నాకు వ్యతిరేకత లేదు. టోక్యోలోని నిహోంబాషి ప్రాంతంలో 2021లో ఒక కాఫీ హోటల్ తెరిచారు. అక్కడ వచ్చినవాళ్లను పలకరించేవి ఒరిహిమె అనే రోబోలే అయినా, వాటిని నడిపేది మాత్రం ఇల్లు కదలలేని మనుషులు. వాళ్లలో కొందరు మంచం మీద నుంచి లేవలేరు. కళ్లు కదిలించి రోబోను నడుపుతూ జీతం సంపాదించుకుంటున్నవాళ్లూ ఉన్నారు. నార్వేలో తయారైన ఏవీ1 అనే చిన్న రోబో, జబ్బుతో ఇంట్లో ఉండిపోయిన పిల్లవాడి బదులు తరగతిలో బల్ల మీద కూర్చుంటుంది. పిల్లవాడు ఇంట్లోంచే పాఠం చూస్తాడు, వింటాడు. సందేహం వచ్చి చెయ్యెత్తాలనుకుంటే రోబో తల మీద దీపం వెలుగుతుంది. 2001లో న్యూయార్క్‌లో కూర్చున్న వైద్యుడు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగికి రోబో చేతులతో పిత్తాశయం తీసేశాడు. వీటన్నిటిలోనూ యంత్రం వెనక, ఆ క్షణంలో, ఒక మనిషి ఉన్నాడు. రాలేని మనిషిని యంత్రం అక్కడికి చేర్చింది. పిన్ని చెప్పినది దీనికి పూర్తిగా తిరగబడిన సంగతి. అందులో ముఖం ఉంటుంది, గొంతు ఉంటుంది, నువ్వు మాత్రం ఉండవు. నా మనసు అక్కడే ఆగిపోయింది.

నేను బడిలో లెక్కలు చెప్పే రోజుల్లో నా తరగతిలో ఉన్న చివరి బల్ల కుర్రవాడి సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 1/2కి 1/3 కలపమంటే వాడు ప్రతిసారీ 2/5 అని వేసేవాడు. కసాగు తీసి హారాలు సమానం చేయడం నేర్పితే, బోర్డు దగ్గర తప్పు లేకుండా చేసేవాడు. మర్నాడు నోటుపుస్తకంలో మళ్లీ 2/5 కనబడేది. ఒకరోజు బడి వదిలాక వాణ్ణి కూర్చోబెట్టి, ఎలా చేశావో చెప్పమని నెమ్మదిగా అడిగాను. చాలాసేపు నేల చూపులు చూసి, "మొన్నటి పరీక్షలో మొదటి భాగంలో రెండింటికి ఒకటి రైటు, రెండో భాగంలో మూడింటికి ఒకటి రైటు. మొత్తం అయిదుకి రెండని మీరే వేశారు కదా టీచర్" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. మార్కులను అలాగే కూడతాం. వాడు తెలివితక్కువగా ఆలోచించలేదు, ఒకచోట సరిపోయే పద్ధతిని ఇంకోచోటికి తెచ్చాడు. ఒక కాగితపు పట్టీని సగానికి మడిచి వాడి చేతిలో పెట్టి, ఈ సగానికి ఇంకొంత కలిపాక సగం కన్నా తక్కువ ఎలా వస్తుందని అడిగాను. పట్టీని అటూ ఇటూ తిప్పాడు, అయిదు భాగాలుగా మడవబోయి ఆగాడు. తర్వాత పుస్తకం తెరిచి, నేను చెప్పకుండానే పాత లెక్కలన్నీ కొట్టేశాడు.

ఆ పొరపాటును ఇప్పటి యంత్రం కూడా పసిగట్టగలదని నువ్వంటావు. పసిగట్టవచ్చు. ఒక్కొక్క విద్యార్థికి విడిగా పాఠం చెబితే సగటు పిల్లవాడు కూడా మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించిపోతాడని అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ 1984లో రాశాడు. తర్వాతి పరిశోధనల్లో అంత తేడా కనబడకపోయినా, ప్రతి పిల్లవాడికీ ఒక ఓపికగల బోధకుడు దొరకాలన్న ఆశ మంచిదే. ఎక్కాలు వల్లె వేయించడం, ఒకే పాఠాన్ని పది భాషల్లో చెప్పడం, అర్ధరాత్రి అడిగినా విసుక్కోకుండా బదులివ్వడం యంత్రానికి అప్పగించి, పిల్లల పక్కన కూర్చునే సమయాన్ని నీకు మిగిల్చితే అంతకన్నా కావలసిందేముంది? నేను అడిగేదల్లా ఒక్కటే. నీ ముఖంతో ఉన్న ఆ బొమ్మ తప్పు చెబితే దిద్దేది ఎవరు? పిల్లలు ఇంటికి వెళ్లి వాసంతి టీచర్ చెప్పిందనే అంటారు. తమతో మాట్లాడేది మనిషో యంత్రమో తెలుసుకునే హక్కు కూడా ఆ పిల్లలకు ఉంది.

2023లో హాలీవుడ్ నటులు జూలై నుంచి నవంబరు దాకా సమ్మె చేశారు. వాళ్ల ముఖ్యమైన డిమాండ్లలో ఈ డిజిటల్ ప్రతిరూపాల సంగతి ఒకటి. నటుల అనుమతి, వాళ్లకు తగిన ప్రతిఫలం లేకుండా వాటిని వాడకూడదని చివరికి ఒప్పందంలో రాయించుకున్నారు. వెనక పెద్ద సంఘం ఉన్న నటులకే అన్ని నెలలు పట్టినప్పుడు, ఒంటరిగా సంతకం పెట్టే నువ్వు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించు. ఆ ప్రతిరూపం ఎన్నేళ్లు వాళ్ల దగ్గర ఉంటుందో, నువ్వు ఉద్యోగం మానేశాక కూడా పాఠాలు చెబుతుందో, ప్రకటనల్లో వాడతారో, అది చెప్పే ప్రతి పాఠాన్నీ నువ్వు ముందుగా చూసి దిద్దవచ్చో లేదో, వద్దనుకున్న రోజున తీసేయించవచ్చో లేదో స్పష్టంగా రాసి లేకపోతే సంతకం పెట్టవద్దు. ఇదివరకే పెట్టి ఉంటే ఆ కాగితం నకలు బుజ్జి మామయ్యకు పంపు. ఆయన చదివి చెబుతారు. నీ మీద కోప్పడరు, నేను చెప్పి ఉంచుతాను.

ఇంకొక్క మాట. పోయినసారి ఫోనులో నీ గొంతు బొంగురుగా ఉంది. రోజంతా పాఠాలు చెప్పి అలసిపోయి, ఆ బరువు ఎవరైనా మోస్తే చాలనుకుని ఒప్పుకున్నావేమోనని రెండు రాత్రులుగా ఆలోచిస్తున్నాను. అదే కారణమైతే ముందు గొంతు డాక్టరుకు చూపించు, మైకు లేకుండా పాఠం చెప్పకు, వరసగా రెండు తరగతులు తీసుకోకు. నీళ్ల సీసా కుర్చీ పక్కన కాక ఎదురుగా పెట్టుకో, లేకపోతే తాగడం మరిచిపోతావు. నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే అది.

ఆదివారం ఫోను చెయ్యి. నువ్వు ఎక్కువ మాట్లాడనవసరం లేదు, నేనే మాట్లాడతాను.

ఆశీస్సులతో,
అమ్మ