నిమ్మ మొక్కల విషయంలో తప్పు మాదే

నమస్కారమండీ. పోయిన వేసవిలో మా నర్సరీలో కుండీ నిమ్మ కొన్నవాళ్లకు ఈ కబురు.

జూలైలో ముసురు పట్టాక ఆకులు పండుబారి రాలిపోతున్నాయని మీలో చాలామంది ఫోటోలు పంపారు. "బలం చాల్లేదు, కాస్త ఎరువు వేయండి" అని అందరికీ ఒకటే జవాబిచ్చాను. ఫోటో సరిగ్గా చూడకుండానే.

చివరికి ఒకావిడ మొక్కను కుండీతో సహా ఆటోలో తెచ్చి నా ముందు పెట్టారు. బోర్లిస్తే మట్టి ముద్దలోంచి నీళ్లు కారాయి. వేర్లు నల్లబడ్డాయి, నులిమితే తోలు ఊడొస్తోంది. మూడో అంతస్తుకు మోయడానికి తేలిగ్గా ఉంటుందని సగానికి పైగా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపింది మేమే. ఎండల్లో అదే మొక్కను కాపాడింది, వానల్లో నీళ్లు వదలక వేర్లను కుళ్లబెట్టింది. ఆ వేర్లకు ఎరువు వేయమనడం జ్వరంతో పడుకున్నవాడికి బిర్యానీ తినిపించినట్టే.

ఇప్పుడు రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు దొడ్డు ఇసుక, గుప్పెడు వేపపిండి కలుపుతున్నాం. కుండీ బరువెక్కుతుంది. లిఫ్ట్ లేనివాళ్లు తిట్టుకుంటారు, తప్పదు.

ఇంట్లో ఉన్న మొక్కను మీరే చూసుకోవచ్చు. మట్టి తడిగా ఉన్నా ఆకులు వాలిపోయి, ముదురాకులు మొత్తం పసుపెక్కితే వేర్ల జబ్బు. నీళ్లు ఆపండి. లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది వేరే కథ, మన బోరు నీళ్లది. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తుంటే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉన్న ఇనుము మందు) ఆకుల మీద కొట్టండి, వాననీళ్లు పట్టి పోస్తే ఇంకా మంచిది. ఏదైనా సరే, వేలు రెండంగుళాలు దించి పొడిగా తగిలితేనే నీళ్లు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. కాయలున్న మొక్క తొందరగా అమ్ముడవుతుంది కాబట్టి చిన్న కుండీలో కాయలతోనే అమ్మేశాం. కుండీ మార్చగానే మొక్క వాటిని రాల్చేస్తుందని మాకు తెలుసు, మీకు చెప్పలేదు. ఇకమీదట చెప్పే అమ్ముతాం. మొదటి ఏడాది పిందెలు తుంచేసి, మెల్లగా 18 అంగుళాల కుండీకి మార్చండి. మనసొప్పదు, నాకూ ఒప్పదు.

చనిపోయిన మొక్కకు బదులు బాలాజీ రకం ఇస్తాం. తిరుపతి పరిశోధన స్థానం తెచ్చిన రకం, ఆకుల మీద, కాయల మీద గరుకు మచ్చలు తెచ్చే గజ్జి తెగులును కాస్త తట్టుకుంటుంది. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. బతికున్నవాటికి మట్టి ఉచితంగా మారుస్తాం, కుండీ మీరు తేవాలి. ఆదివారం మాత్రం వద్దు, రద్దీలో వేర్లు చూసే తీరిక ఉండదు. తెచ్చేముందు రెండు రోజులు నీళ్లు పోయకండి, మోయడానికీ తేలిక.