మా పాప కోసం గొలుసు మార్చిన బాబాయి గారికి

బాబాయి గారూ, మీకు ఫేస్‌బుక్ లేదని తెలుసు. మీ అబ్బాయి చదివి వినిపిస్తానన్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. ఇవాళ సాయంత్రం పాప మీ కుక్క బ్రౌనీ వీపు నిమిరింది. ఇంటికొచ్చి అన్నం తిని హాయిగా పడుకుంది. నాకే నిద్ర పట్టడం లేదు. పార్కులో మీకు థాంక్స్ చెబుదామంటే నోట మాట రాక ఏడ్చేశాను, మీరు కంగారుపడ్డారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కిందటి వేసవిలో పాప ట్యూషన్ నుంచి వస్తుంటే ఓ ఇంటి గేటులోంచి కుక్క గొలుసు ఈడ్చుకుంటూ వచ్చి మీద పడింది. పిక్క మీద పంటిగాట్లు. టీకాలు వేయించాం, గాయం మానింది. భయం మాత్రం పెరుగుతూ పోయింది. ముందు కుక్కలంటే, తర్వాత ఆ వీధంటే, ఆ తర్వాత గొలుసు చప్పుడంటే. ఉయ్యాల గొలుసు కిర్రుమన్నా చెమటలు పట్టేసి నా చీర కుచ్చిళ్ళు పట్టుకునేది. చివరికి బడికి వెళ్ళడమే మానేసింది.

అందరూ "ధైర్యం చెప్పండి, అదే పోతుంది" అన్నవాళ్ళే. ఇది మొండితనం కాదని, భయం ఇలాగే నేర్చుకుంటామని సైకాలజిస్టు మేడమ్ చెప్పారు. 1920లో అమెరికాలో వాట్సన్, రేనర్ అనే ఇద్దరు, ఏడాది కూడా నిండని పసివాడు తెల్ల ఎలుకను ముట్టుకోబోయినప్పుడు వెనకాల ఇనప కడ్డీ మీద సుత్తితో కొట్టారట. తర్వాత చప్పుడు లేకపోయినా ఎలుకను చూస్తే ఏడుపే. కుందేలును చూసినా, బొచ్చు కోటు చూసినా ఏడుపే. ఆ భయం పోగొట్టకుండానే పిల్లాణ్ణి పంపేశారు. ఆ తల్లిని తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పోగొట్టే దారి 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ రాశారు. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ళ పిల్లాడు ఇష్టమైనవి తింటుంటే, బోనులో కుందేలును దూరంగా పెట్టి, రోజురోజుకీ కాస్త దగ్గరికి జరిపారు. చివరికి వాడే దాన్ని నిమిరాడు. కుక్క కనబడగానే పక్క సందులోకి తిరిగితే ఆ క్షణానికి ప్రాణం కుదుటపడుతుంది కానీ, తప్పించుకున్నాం కాబట్టే బతికామని మనసు నమ్మేస్తుందని, అందుకే భయం తగ్గదని మేడమ్ అన్నారు. సరే, దగ్గరికి జరపడానికి నెమ్మదైన కుక్క కావాలి కదా? అంతకంటే నెమ్మదైన మనిషి కావాలి. అడిగిన చోటల్లా "మాకెక్కడ తీరుతుందమ్మా" అన్నారు.

మీరు ఒక్కమాట అడగకుండా ఒప్పుకున్నారు. మోకాళ్ళ నొప్పులతో పార్కు ఆ చివర, కుళాయి దగ్గర, బ్రౌనీని కూర్చోబెట్టుకుని నిలబడేవారు. పాప ఈ చివర జామకాయ ముక్కలు తింటూ, చెయ్యెత్తితేనే మీరు ఒక అడుగు వేసేవారు. చెయ్యి దించితే వెనక్కి వెళ్ళేవారు. విసుక్కున్నది లేదు. "రేపు చూద్దాంలే తల్లీ" అనేవారు, అంతే.

గొలుసు చప్పుడుకి పాప బిగుసుకుపోవడం చూసి, మర్నాడు మీ పాత పంచె చింపి పేనిన తాడుతో బ్రౌనీని తెచ్చారు. నేను అడగలేదు, మేడమ్ చెప్పలేదు. ముడి దగ్గర పంచె అంచు ఎర్రగా కనబడుతోంది. దాన్ని చూసి నేను అక్కడే కూలబడ్డాను. తర్వాత మేడమ్ గొలుసు కూడా అలవాటు చేయాలన్నప్పుడు, దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి ముందు పాప చేతికే ఇచ్చారు. సొంత తాతయినా ఇంత ఓపిక పట్టడు బాబాయి గారూ.

ఒక్క మాట అనకుండా ఉండలేను. 2017 మానసిక ఆరోగ్య చట్టం మనసు జబ్బులకి కూడా ఒంటి జబ్బులతో సమానంగా బీమా ఉండాలంటోంది. మా బీమావాళ్ళేమో ఆసుపత్రిలో చేరలేదు కాబట్టి పైసా రాదన్నారు. కుక్క భయానికి పిల్లని ఎక్కడ చేర్పించాలి? బడివాళ్ళు హాజరు తక్కువైందని నోటీసు పంపారు. ఎలా ఉందని ఒక్క ఫోన్ లేదు. ఫీజులు కట్టలేక మధ్యలో ఆపేసిన తల్లుల్ని క్లినిక్ వరండాలో చూశాను. వాళ్ళ పిల్లల గతేమిటి?

మా ఆయన, అత్తయ్య గారు, అమ్మ ఎంత చేశారో వాళ్ళకి తెలుసు, థాంక్స్ అంటే తిడతారు.

అయ్యో, పార్కు వాచ్‌మన్ గారు! గేటు మూసే వేళయినా మా కోసం ఆగేవారు. సాయంత్రం టైమ్ సర్దిపెట్టిన రిసెప్షన్ అమ్మాయికి, పాప పీడకలతో లేచిన రాత్రి ప్రభుత్వం మానసిక సమస్యల కోసం పెట్టిన ఫోన్ సాయం 14416 టెలీ మానస్‌లో ఫోనెత్తి తెలుగులో నెమ్మదిగా మాట్లాడిన ఆవిడకి కూడా. అది ఉచితమండీ, నంబరు రాసి పెట్టుకోండి. భయం మళ్ళీ తిరగబెట్టొచ్చట, అందుకని ఆదివారం ఆదివారం పార్కుకి వస్తూనే ఉంటాం. బ్రౌనీకి ఏం తేవాలో మీ అబ్బాయితో కబురు పెట్టండి.