లైప్‌జిగ్‌లో మా పిల్లలకు దక్కని శనివారం గురించి ఫిర్యాదు

గుంటూరు

మేనేజర్ గారికి,
హైదరాబాద్ ఆఫీసు.

విషయం: జర్మనీ టూర్‌లో మే 17న ఇస్తామన్న ఫ్రీ డే ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

మొన్న మే నెలలో మీ ద్వారా జర్మనీ వెళ్లొచ్చిన మా చర్చి యువజన క్వయిర్‌కు పాట నేర్పేది నేనే. 28 మంది పిల్లలు, ముగ్గురు పెద్దలం వచ్చాం. వీసాల పని మీవాళ్లు శ్రద్ధగా చేశారు, కచేరీలన్నీ టైముకు జరిగాయి. నా బాధంతా ఆ ఒక్క రోజు గురించే.

మీరు సంతకం పెట్టి ఇచ్చిన ఐటినరరీలో ఆ శనివారం ఎదురుగా ‘లైప్‌జిగ్, పూర్తిగా ఫ్రీ డే’ అని ఉంది. ఆ రోజు కోసమే మేం తేదీలు రెండుసార్లు మార్పించుకున్నాం. కారణం మీ ఆఫీసులో కూర్చుని నేనే చెప్పాను. సెయింట్ థామస్ చర్చిలో శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మోటెట్, అంటే క్వయిర్ పాటలతో సాగే ప్రార్థన, ఉంటుంది. అక్కడ పాడే అబ్బాయిల క్వయిర్ 1212 నాటిది. 1723 నుంచి 1750లో చనిపోయేదాకా వాళ్లకు పాట నేర్పింది ప్రఖ్యాత జర్మన్ సంగీతకారుడు బాఖ్. ఆయన సమాధి కూడా ఆ చర్చిలోనే ఉంది. ప్రోగ్రాం కాగితం కొనుక్కుని, కాస్త ముందుగా వెళ్లి కూర్చుంటే చాలు.

గుంటూరు పిల్లలకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకని మీకు అనిపించి ఉండొచ్చు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు మా ఊరు వచ్చారు. ఆయన పుట్టింది జర్మనీలోనే. మా లూథరన్ చర్చిల్లో ఆ దేశపు రాగాలు తెలుగు మాటలతో పాడుకుంటూ పెరిగాం. మా పిల్లల్లో సగం మందికి స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద రాసే స్వరలిపి, రాదు. డో, రే, మీ అక్షరాలతో సోల్ఫా రాసుకుని, నాలుగు గొంతుల్లో బాఖ్ కోరల్, అంటే చర్చి కీర్తన, పాడతారు. ఒక అబ్బాయి నాన్న మిర్చి యార్డులో ముఠా పని చేస్తారు. కొడుకు టూర్ డబ్బు ఆయన ఏడు వాయిదాల్లో తెచ్చి నా చేతికిచ్చారు.

ఆ ఉదయం 9 గంటలకు మీ టూర్ మేనేజర్ అందరినీ బస్సెక్కించి, ‘గంటన్నరలో వచ్చేద్దాం’ అని ఊరి బయట అవుట్‌లెట్ మాల్‌కు తీసుకెళ్లారు. పదకొండున్నరకు బయల్దేరదామంటే, ‘డ్రైవరుకు రెస్ట్ టైమ్ మేడమ్, యూరప్ రూల్స్, నేనేం చెయ్యలేను’ అన్నారు. ఆ రూలు నేను తర్వాత చదివాను. నాలుగున్నర గంటలు బండి నడిపితే 45 నిమిషాల విరామం ఇవ్వాలి. ఆ రోజు మా బస్సు అప్పటికి గంట కూడా నడవలేదు. మమ్మల్ని సాయంత్రం నాలుగున్నర దాకా అక్కడే ఉంచారు. ఆ షాపుల నుంచి ఎవరికైనా కమిషన్ వస్తుందా? నాకు తెలియదు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

హోటల్ సంగతి కూడా చెప్పాలి. వోచర్‌లో లైప్‌జిగ్ అని ఉంది. తీరా చూస్తే విమానాశ్రయం పక్కన వేరే ఊరు ష్కోయ్‌డిట్స్‌లో దింపారు. పోనీ, అదీ సర్దుకునేవాళ్లమే. విమానాశ్రయం స్టేషన్లో లోకల్ రైలెక్కితే మార్క్ట్ స్టేషన్ ఇరవై నిమిషాల దారి, అక్కడి నుంచి చర్చికి నడిచి పోవచ్చు. ముందు రోజు రాత్రే ‘రేపు మీ ఏర్పాటు మీరు చూసుకోండి’ అని ఒక్క మాట చెప్పి ఉంటే మేమే వెళ్లిపోయేవాళ్లం. ఫ్రీ డే అంటే అదే కదండీ.

మా ఆల్టోల్లో (కింది స్థాయిలో పాడే ఆడగొంతులు) ఇంటర్ చదివే ఒక అమ్మాయి, సమాధి దగ్గర పెట్టాలని శుక్రవారం సాయంత్రమే ఒక పసుప్పచ్చ పువ్వు కొనుక్కుంది. నీళ్ల సీసా మూత తీసి, అందులో కాడ ముంచి, మాల్‌లో అంతసేపూ ఒళ్లో పెట్టుకు కూర్చుంది. మూడు కొట్టేసరికి ఎవ్వరూ మాట్లాడలేదు. మేం చర్చి చేరేటప్పటికి ఆరు దాటింది, తలుపులు మూసేశారు. బయట బాఖ్ విగ్రహం ఉంది, కోటు జేబు ఒకటి బయటికి తిరగేసి ఉంటుంది. ఆ అమ్మాయి వడిలిన పువ్వును దాని కిందే పెట్టింది. పిల్లలు అక్కడే నిలబడి, నేను చెప్పకుండానే, నెమ్మదిగా కోరల్ అందుకున్నారు. టెనార్లు, అంటే పై స్థాయిలో పాడే మగపిల్లలు, సగంలోనే ఆగిపోయారు, ఏడుపొచ్చి.

మర్నాడు ఉదయం 7కే మా ప్రయాణం. మళ్లీ ఆ పిల్లలను అక్కడికి తీసుకెళ్లే స్తోమత మాకు లేదు.

కాబట్టి ఆ రోజుకు లెక్కకట్టి 31 మంది డబ్బు వాపసు ఇవ్వండి. హోటల్ ఎందుకు మారిందో, మాల్ ఎవరు పెట్టించారో రాతపూర్వకంగా చెప్పండి. పిల్లలందరికీ క్షమాపణ ఉత్తరం మీ సంతకంతో రావాలి, టూర్ మేనేజర్ సంతకంతో కాదు. 15 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద గుంటూరు జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాం. తల్లిదండ్రులందరూ దీనికి ఒప్పుకుని సంతకాలు చేశారు.

ఐటినరరీ, హోటల్ వోచర్, డబ్బు కట్టిన రసీదుల నకళ్లు జతచేశాను.

ఇట్లు,
క్వయిర్ సంచాలకురాలు,
పిల్లల తల్లిదండ్రుల తరఫున