కుక్కల కోసం పార్కు ఏంటి అన్నావుగా

ఒరేయ్ మామా,

"చుట్టూ అంత అడవి పెట్టుకుని మీ కౌన్సిల్ మళ్ళీ కుక్కలు తిరగడానికి పార్కులు కట్టడమేంట్రా, డబ్బులు ఎక్కువయ్యాయా" అన్నావు కదా. వాయిస్ మెసేజ్‌లో చెబుదామనుకున్నా కానీ ఇది రెండు నిమిషాల్లో తేలేది కాదు, అందుకే టైప్ చేస్తున్నా. తీరిగ్గా చదువు.

ముందు ఒకటి. ఇంగ్లండ్‌లో మా ఊరు ఫార్న్‌బరో చుట్టూ ఉన్నది నువ్వనుకునే అడవి కాదు. హీత్ అంటారు దాన్ని. ఇసుక నేల, మోకాలెత్తు హెదర్ పొదలు, పసుపు పూల గోర్స్ ముళ్ళు, అక్కడక్కడ ఒక పైన్ చెట్టు. చలికాలంలో చూస్తే అచ్చం మన అనంతపురం బీడు, కాకపోతే తడిసిన బీడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇందులో కాపాడటానికి ఏముంది అనుకుంటారు. ఇంగ్లండ్‌లో 1800 తర్వాత ఇలాంటి నేల 80 శాతానికి పైగా పోయింది, కొంత పొలాలకి, కొంత ఇళ్ళకి, కొంత పైన్ తోటలకి. మిగిలిన ముక్కల్లో సర్రే, హాంప్‌షైర్, బెర్క్‌షైర్ అంతటా పరుచుకున్న 8 వేల హెక్టార్లని కలిపి 2005లో థేమ్స్ బేసిన్ హీత్స్ పేరుతో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దానికి కారణం మూడు పక్షులు: నైట్‌జార్, వుడ్‌లార్క్, డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్. ఈ మూడోది 1962-63 నాటి భయంకరమైన చలికి దేశం మొత్తం మీద పదీ పదకొండు జంటలకి పడిపోయింది. అలాంటిది మళ్ళీ పుంజుకుంది.

అసలు చిక్కంతా నైట్‌జార్‌తో వచ్చింది. మే నెలలో ఆఫ్రికా నుంచి వస్తుంది, గూడంటూ కట్టదు, నేలమీదే రెండు గుడ్లు పెట్టి ఎండుటాకులా కదలకుండా కూర్చుంటుంది. పక్కనుంచి నడిచి వెళ్ళినా నీకు కనబడదు. కానీ కుక్కకి కళ్ళతో పనేముంది, ముక్కుంది. అది పొదల్లో దూరితే పక్షి లేస్తుంది, గుడ్లు బయటపడతాయి, కాకి చూస్తుంది. అంతే. కుక్క ఆ గుడ్లని ముట్టుకోను కూడా ముట్టుకోదు, దాని యజమాని "మావాడు ఎవర్నీ ఏమీ అనడండీ" అని నిజాయితీగానే అంటాడు. డోర్సెట్ హీత్‌ల మీద చేసిన పరిశీలనల్లో, దారులకి దగ్గరగా ఉన్న గుడ్లే ఎక్కువగా పోతున్నాయని తేలింది.

ఇంకోటి చెప్తా, నవ్వకు. కుక్కల మలమూత్రాలు. బెల్జియంలో గెంట్ ఊరి చుట్టుపక్కల ప్రకృతి రక్షిత ప్రాంతాల్లో లెక్కేస్తే హెక్టారుకి ఏడాదికి 11 కిలోల నత్రజని, 5 కిలోల భాస్వరం పడుతున్నాయట, 2022లో వచ్చింది ఆ పరిశోధన. మన రైతు అయితే ఉచితంగా ఎరువు వచ్చిందని సంతోషిస్తాడు! హీత్‌కి మాత్రం అదే విషం. సారం లేని నేల కాబట్టే అక్కడ హెదర్ బతుకుతోంది, సారం పెరిగిందా గడ్డి మొలిచి దాన్ని మింగేస్తుంది.

మరి బోర్డు పెట్టి జనాన్ని ఆపేస్తే పోలేదా అంటావు. ఆపలేరు మామా, ఆపకూడదు కూడా. ఈ దేశంలో నడిచే హక్కు ఊరికే రాలేదు. 1932లో కిండర్ స్కౌట్ కొండ మీదికి కొన్ని వందలమంది కావాలనే చొరబడ్డారు, ఐదుగురు జైలుకెళ్ళారు. 2000లో చట్టం వచ్చింది, అయినా ఇప్పటికీ ఇంగ్లండ్‌లో మనిషి కాలిబాట వదిలి స్వేచ్ఛగా తిరగగలిగే నేల 8 శాతమే. ఆ చట్టం కింద తెరిచిన చోట మార్చి 1 నుంచి జులై 31 వరకు కుక్కకి రెండు మీటర్లు మించని పట్టీ ఉండాలి. ఉండాలి అని రాసుంది, అంతవరకే. పొద్దున ఆరింటికి, వానలో, ఎవడు చూస్తాడు?

ఇక్కడే నాకు నచ్చిన సంగతి. హీత్‌కి వచ్చేవాళ్ళెవరని సర్వే చేస్తే సగానికి పైగా కుక్కలతో వచ్చేవాళ్ళు, అదీ చాలావరకు కార్లలో. అంటే వాళ్ళు నైట్‌జార్ కోసం రావడం లేదు, హెదర్ పూల కోసమూ కాదు. కారు ఆపుకోను చోటు, కుక్కని వదలడానికి ఖాళీ, ముప్పావుగంటలో తిరిగొచ్చే చుట్టుదారి, ఇంతే కావాలి. అది ఇంకెక్కడైనా దొరికితే అక్కడికే పోతారు. అందుకని రూల్ పెట్టారు: హీత్‌కి 400 మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టకూడదు (పిల్లులు కూడా కారణమే, గొలుసు వేసి పెంచే పిల్లి ఎక్కడుంది). అక్కడినుంచి 5 కిలోమీటర్ల దాకా కట్టాలంటే, కొత్తగా వచ్చే ప్రతి వెయ్యిమందికి 8 హెక్టార్ల పచ్చని జాగా వేరేచోట చూపించాలి. అందులో 2.3 కిలోమీటర్లకి తక్కువ కాని చుట్టుదారి, కుక్కల్ని వదిలేసే వీలు ఉండాలి. దాని పేరు శాంగ్. ఖర్చు ఇళ్ళు కట్టేవాడిది. హీత్ మీద తిరిగి జనంతో మాట్లాడే వార్డెన్ల జీతాలు కూడా ఆ డబ్బులోంచే. నువ్వన్న "కుక్కల పార్కు" ఇదే.

మా ఊళ్ళో సౌత్‌వుడ్ అని కౌన్సిల్‌దే గోల్ఫ్ కోర్సు ఉండేది. 2018లో మూసేసి కంట్రీ పార్కు చేశారు. గోల్ఫ్ ఆడేవాళ్ళు ఊరుకుంటారా, ఇప్పటికీ ఆ పేరెత్తితే మొహం మాడ్చుకునే పెద్దమనుషులున్నారు. అందరిదీ అయిన నేలలో కొద్దిమంది డబ్బు కట్టి ఆడుకునేవాళ్ళు, ఇప్పుడు ఎవరైనా నడవొచ్చు, అని కౌన్సిల్ వాదన. నేను కౌన్సిల్ వైపే. అయితే పక్షుల మీద ప్రేమతోనే చేశారని మాత్రం అనుకోకు. శాంగ్ లేనిదే ఊరి మధ్యలో ఫ్లాట్లకి అనుమతి రాదు, లోపలున్న అసలు కారణం అది. సాఫ్ట్‌వేర్ వాళ్ళం మనం వచ్చి ఇళ్ళు కావాలంటాం, ఇళ్ళు కావాలంటే పార్కు కావాలి, పార్కు ఉంటే పక్షికి కాస్త ఊపిరి. ఉద్దేశం స్వార్థమే అయినా పని జరిగితే నాకేం బాధ లేదు.

మా ఇంట్లో కూడా ఒక లాబ్రడార్ ఉందిలే, మా అమ్మాయి పోరు పడలేక తెచ్చాం. వాడు సౌత్‌వుడ్ గడ్డిలో పడి దొర్లడం చూస్తే వాడికి హీత్ అక్కర్లేదని తెలిసిపోతుంది. కానీ నాకు కావాలి. వాణ్ణి ఇంట్లో వదిలి నేనొక్కణ్ణే వెళ్తా. నిజం చెప్పాలంటే శాంగ్ అందంగా ఉండదురా, కోసిన గడ్డి, చెత్తడబ్బా, బెంచీ.

ఇంకో తమాషా. చోభమ్ కామన్ అని సర్రే కౌంటీ కౌన్సిల్ నేల ఉంది, 650 హెక్టార్లు, నడుమ ఎం3 రోడ్డు కోసుకుంటూ పోతుంది. అలాంటి చోట్ల పక్షుల కోసం చెట్లు కొట్టేస్తారు! వదిలేస్తే బిర్చ్, పైన్ మొలిచి ఇరవై ముప్పై ఏళ్ళలో అడవైపోతుంది, హీత్ మాయం. వందల ఏళ్ళుగా జనం పశువుల్ని మేపి, పొదలు కోసుకుపోబట్టే అది హీత్‌గా నిలిచింది. ఇప్పుడు మేపేవాడు లేడు కాబట్టి ఆ పని రంపానిది. నిన్న మొన్న వచ్చి చూసినవాడికి మాత్రం కౌన్సిల్ అడవి నరుకుతున్నట్టే ఉంటుంది, గొడవ. పోనీ ఆవుల్ని తెచ్చి మేపుదామంటే కంచె కావాలి, కామన్ అంటే ఊరివాళ్ళకి పాతకాలం నుంచి హక్కులున్న భూమి, అందులో కంచెకి ప్రభుత్వ అనుమతి కావాలి, కంచె అనగానే ఇంకో గొడవ. నా మట్టుకు, కొట్టేముందు దారి పక్కన నాలుగు ముక్కలు రాసిపెట్టడం, అక్కడ నిలబడి జవాబు చెప్పే మనిషి ఒకడుండటం, ఈ రెండూ ఉంటే సగం గొడవ తగ్గుతుంది. కౌన్సిళ్ళ బడ్జెట్‌లో ముందు కోసేది ఆ మనిషినే.

నీ కేబీఆర్ పార్కు గురించి కూడా ఆలోచించా. 390 ఎకరాలు, పేరుకి నేషనల్ పార్కు, చుట్టూ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్. పొద్దున వాకర్లందరూ అక్కడికే ఎందుకొస్తారు? వేరే చోటు ఉండాలిగా పోవడానికి. నెమళ్ళకి ఇబ్బంది అని వాకర్లని తిట్టడం కన్నా, రెండు కిలోమీటర్లు నీడలో నడిచే దారి ఇంకో పదిచోట్ల వేయమని జీహెచ్ఎంసీని అడగడం మేలు కదా. మీ వాకర్ల గ్రూపులో ఈ మాట అని చూడు, ఎవరేమంటారో నాకు రాయి.

జూన్‌లో వస్తానన్నావు, టికెట్లు బుక్ చేసేముందు చెప్పు. రాత్రి పదింటికి గానీ చీకటి పడదు, నైట్‌జార్ అప్పుడే కూత మొదలెడుతుంది, కాబట్టి జెట్‌లాగ్ అని పడుకుంటే కుదరదు. అత్తయ్యకి నమస్కారాలు చెప్పు, గోంగూర పచ్చడి మాత్రం మర్చిపోకు.

ఉంటా మామా.