పడవ సంగతి నువ్వే చెప్పు

చిరంజీవి రవికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త నెమ్మదించింది, పెరటి గోడ పని పూర్తయింది. ఈ మధ్య ఆదివారాలు నీ ఫోను రావడం లేదు. పని ఒత్తిడి కాబోలు అనుకున్నాం. అయితే మొన్న పెళ్లిలో కలిసిన సుజాత పిన్ని, నువ్వు అక్కడి మంచినీటి వేటచేప బాస్‌ను గాలంతో పట్టే పోటీల కోసం అప్పు చేసి పడవ కొన్నావనీ, ఉద్యోగం మానే ఆలోచనలో ఉన్నావనీ చెప్పింది. నేను నమ్మలేదు.

ఆ పోటీల గురించి కూర్చుని చదివాను. 1967లో రే స్కాట్ అనే ఆయన అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఉన్న బీవర్ లేక్ మీద పెద్ద పోటీ పెట్టడం, 1972 నుంచి పట్టిన చేపను ప్రాణంతో తిరిగి నీటిలో వదిలే పద్ధతిని ప్రోత్సహించడం, ఐదు చేపల మొత్తం బరువును బట్టి గెలుపు నిర్ణయించడం, చేప చనిపోతే ఆ బరువులో కోత పెట్టడం, ఇవన్నీ నాకు నచ్చాయి. నీటి కలుపు మీద రబ్బరు కప్పను లాగి బాస్‌ను రెచ్చగొడతారని చదివినప్పుడు మాత్రం మన వెంకటరత్నం బాబాయి కళ్ల ముందు మెదిలాడు.

బాబాయి కొల్లేట్లో కొరమేనుకు గాలం వేసేటప్పుడు బతికున్న చిన్న కప్పను కొక్కేనికి గుచ్చి, తూడు ఆకుల మీద టపటపా గంతులు వేయించేవాడు. ఆకు కింద నీరు ఒక్కసారి ఉబ్బేది, కప్ప మాయమయ్యేది, అయినా ఆయన వెంటనే లాగేవాడు కాదు. కొరమేను కప్పను పూర్తిగా నోట కరుచుకునేదాకా ఆగేవాడు. అంత ఓర్పున్న మనిషి ఒక వర్షాకాలం సాయంత్రం, మబ్బు కమ్ముకొస్తోందని దోనెను వేగంగా తోసి, నీటి కింద ఉన్న తాటి మొద్దుకు కొట్టి బోల్తా పడ్డాడు. గడకర్ర పట్టుకొని తేలుతుంటే వలలవాళ్లు చూసి ఒడ్డుకు చేర్చారు. ఆయనకు ఈత బాగా వచ్చు. నీకు రాదు.

నువ్వు వెళ్లే టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ చెరువు నిండా మునిగిన చెట్ల మొదళ్లేనట. 1992లో 18.18 పౌండ్ల బాస్ దొరికిన చెరువు కనుక అక్కడికి మనసు లాగడం సహజమే. కానీ బాస్ పడవలు గంటకు 70 మైళ్ల వేగం కూడా అందుకుంటాయి కదా, లైఫ్ జాకెట్ తీయకు, మనిషి పడిపోతే ఇంజను ఆపే తాడును ఒంటికి తగిలించుకోకుండా నడపకు. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో బయలుదేరకు. ఇంకొక మాట: పోటీల్లో వెనుక సీటులో కూర్చొని చేపలు పట్టే కో-యాంగ్లర్లకు సొంత పడవ అవసరం లేదని చదివాను. రెండు మూడేళ్లు అలా నేర్చుకో. ఎంత అనుభవజ్ఞుడికైనా చేప పడని రోజులుంటాయి, ఇంటి అద్దె మాత్రం ప్రతి నెలా కట్టాలి. అందుచేత ఉద్యోగం విడిచిపెట్టవద్దు.

పడవ నిజంగానే కొని ఉంటే, ధర ఎంతో, వాయిదా ఎంతో, ఎన్నేళ్లు కట్టాలో ఈ ఆదివారం నాకు చెప్పు. అమ్మకు నేను నిదానంగా చెబుతాను.

ఇట్లు,
నాన్న